ముఖం చెక్కిన చేయి, పేరు రాసిన చేయి

నా రాతబల్ల మీద కొన్ని వారాలుగా రెండు ఫోటోలు పక్కపక్కన ఉన్నాయి. మొదటిది ఫ్రెంచి శిల్పి ఆంత్వాన్ బూర్దెల్ 1901లో చేసిన బీథోవెన్ విషాద ముఖం, కంచుది. రెండోది న్యూయార్క్ చిత్రకారుడు జాన్ మిషెల్ బాస్కియా 1985లో చేసిన 'నౌస్ ద టైమ్'. ప్లైవుడ్‌ను గుండ్రంగా కోసి, నల్లరంగు పూసి, గ్రామఫోన్ రికార్డులా తయారుచేసిన బొమ్మ అది. ఈ అంచు నుంచి ఆ అంచుకు దాదాపు ఎనిమిది అడుగులు. దాని మీద తెల్లటి చేతిరాతలో ఒక పాట పేరు, ఇంగ్లీషులో పీ, ఆర్, కే, ఆర్ అనే నాలుగు అక్షరాలు. జాజ్ శాక్సోఫోన్ విద్వాంసుడు చార్లీ పార్కర్ పేరులోంచి అచ్చులు తీసేస్తే మిగిలిన హల్లులు అవి.

ఒకదాంట్లో ముఖం తప్ప మరేమీ లేదు. ఇంకోదాంట్లో ముఖమే లేదు. అయినా రెండింటి వెనకా ఉన్న దాహం ఒకటే. బీథోవెన్ వియన్నాలో 1827 మార్చి 26న కన్నుమూశాడు. బూర్దెల్ పుట్టింది 1861లో. పార్కర్ న్యూయార్క్‌లో 1955 మార్చి 12న పోయాడు. బాస్కియా పుట్టింది 1960 డిసెంబరులో. తమ సంగీతకారుణ్ణి ఈ ఇద్దరూ ఎన్నడూ చూడలేదు, ఎదురుగా కూర్చుని వినలేదు. గురువు వెళ్ళిపోయాక వచ్చిన శిష్యులు వీళ్ళు.

మనకు ఇలాంటి శిష్యుడు ఒకడు తెలుసు. ఏకలవ్యుడు మట్టితో ద్రోణుడి బొమ్మ చేసుకున్నాడు. ఆ బొమ్మ చేయడం వరకూ భక్తి. దాని ముందు నిలబడి రోజూ బాణం వేయడం విద్య. సంగీతకారుడి జీవితం చిత్రకారుడికీ, శిల్పికీ ఏమిస్తుందన్న ప్రశ్నకు జవాబు ఈ రెండింటి మధ్యే ఉందని నా నమ్మకం. జీవితకథ బొమ్మ చేయిస్తుంది. విద్య మాత్రం ఆ సంగీతకారుడు పనిచేసిన తీరు నుంచి రావాలి. బూర్దెల్‌నూ, బాస్కియానూ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ సంగతి కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది.

మిగిలిన ఆనవాళ్ళు

సంగీతకారుడు పోయాక అతని నుంచి ఏది మిగిలిందో ముందు చూడాలి. తరవాత వచ్చే కళాకారుడి చేతికి దొరికేది అదే.

బీథోవెన్ కాలంలో ధ్వనిని పట్టి ఉంచే యంత్రం లేదు. మిగిలినవి స్వరలిపి కాగితాలు, ఉత్తరాలు, ముఖం అచ్చులు. 1812లో ఫ్రాంజ్ క్లైన్ అనే శిల్పి బీథోవెన్ ముఖం మీద తడి ప్లాస్టర్ పోసి అచ్చు తీశాడు. ఊపిరి ఆడటానికి ముక్కులో గొట్టాలు పెట్టారు. ఆ అచ్చులో పెదవులు బిగుసుకుని, నోటి కొసలు కిందికి వంగి ఉంటాయి. లోకమంతా దాన్ని మహానుభావుడి గాంభీర్యంగా చదువుకుంది. బరువైన ప్లాస్టర్ కింద ఊపిరాడక విసిగిపోయిన మనిషి ముఖం కూడా అలాగే ఉంటుంది. రెండో అచ్చు 1827లో, చనిపోయిన రెండు రోజులకు, యోజెఫ్ డాన్‌హౌజర్ తీశాడు. అప్పటికే వైద్యులు శవపరీక్ష చేసి, చెవుడుకు కారణం తెలుసుకోవాలని చెవుల చుట్టూ ఉన్న కణతల ఎముకలను తీసేశారు. అందుకే ఆ ముఖం లోపలికి పీక్కుపోయి కనబడుతుంది. బీథోవెన్ అనగానే మన మనసులో మెదిలే రూపానికి మూలాలు ఈ రెండు అచ్చులు: ఒకటి ఊపిరి బిగబట్టిన ముఖం, ఇంకోటి చెవుల ఆధారం పోయిన ముఖం.

పార్కర్ విషయం వేరు. అతని శ్వాస కూడా రికార్డు గాళ్ళలో ఉంది. ఫలానా రోజు ఫలానా స్టూడియోలో ఎవరెవరు వాయించారు, ఏ పాటను ఎన్నిసార్లు వాయించారు, ఏ ప్రయత్నం సగంలో ఆగిపోయింది, అన్నీ నమోదై ఉన్నాయి. బాస్కియా దగ్గర మూడు వేలకు పైగా రికార్డులు ఉండేవని చెబుతారు. అతను బొమ్మ వేసేటప్పుడు గదిలో పాట మోగుతూ ఉండేది. అతనికి పార్కర్ ఒక ముఖంగా కాక, తిరుగుతున్న నల్లటి పళ్ళెంగా, దాని అట్ట వెనక అచ్చయిన పేర్ల జాబితాగా అందాడు.

కాబట్టి ఒకరు ముఖం చెక్కడం, ఇంకొకరు పేరు రాయడం వట్టి అభిరుచి భేదం వల్ల జరగలేదు. గురువు ఏ రూపంలో మిగిలాడో శిష్యులు ఆ రూపాన్నే పట్టుకున్నారు. అచ్చు నుంచి శిల్పం, రికార్డు నుంచి రాత.

ఎనభై తలలు

బూర్దెల్ దక్షిణ ఫ్రాన్స్‌లోని మోంతొబాఁ ఊరివాడు. తండ్రి చెక్క సామాను చేసే పనివాడు. ఉలి పట్టడం ఇంట్లోనే అబ్బింది. కుర్రతనంలో ఒక పుస్తకంలో బీథోవెన్ బొమ్మ చూసి, ఆ ముఖంలో తన పోలికలు కనబడి అదిరిపడ్డాడని చెబుతారు. ఆ తరవాతే ఆ సంగీతం వైపు వెళ్ళాడట. అంటే చెవి కంటే ముందు కన్ను వలలో పడింది.

1888లో, తనకు ఇరవై ఏడేళ్ళు నిండే ఏడాదిలో, మొదటి బీథోవెన్ చేశాడు. 1929 అక్టోబరులో చనిపోయేదాకా ఆ తలను వదల్లేదు. శిల్పాలే ఎనభై దాకా ఉంటాయి. గీసిన బొమ్మలు వేరే. ఆ నలభై ఏళ్ళలో ఆయన జీవితం ఎన్నో మలుపులు తిరిగింది. 1893 నుంచి 1908 దాకా ప్రసిద్ధ శిల్పి రోదాఁ కార్యశాలలో సహాయకుడిగా పనిచేశాడు. 1909లో చేసిన 'విలుకాడు హెరాక్లీస్'తో పేరు మారుమోగింది. 1913లో తెరిచిన షాంజ్ ఎలీజే నాటకశాల గోడలకు ఉబ్బెత్తు శిల్పాలు చేశాడు. తరవాత శిల్పి జకొమెత్తీ వంటి వాళ్ళకు పాఠం చెప్పాడు. శైలి మారింది, రోదాఁ నీడ తొలగింది, కీర్తి వచ్చింది. బీథోవెన్ మాత్రం ఎప్పటికప్పుడు మళ్ళీ బల్ల మీదికి వచ్చాడు.

1901 నాటి విషాద ముఖాన్ని దగ్గరగా చూడండి. నుదురు గడ్డకట్టిన లావాలా ఎగుడుదిగుడుగా ఉంటుంది. కళ్ళు ఉండాల్సిన చోట రెండు చీకటి గుంటలు. చెంపల మీద వేళ్ళు మట్టిని నొక్కి, లాగి, చీల్చిన జాడలు అలాగే కంచులోకి దిగాయి. దగ్గరికి వెళ్ళేకొద్దీ ముఖం చెదిరి కొండచరియ అవుతుంది. రెండడుగులు వెనక్కి వస్తే మళ్ళీ మనిషి అవుతుంది. వానకు కోసుకుపోయిన మట్టిగట్టులో ఎవరిదో ముఖం తోచినట్టు ఉంటుంది.

దీని పక్కన అదే రోజుల్లో వచ్చిన మరో బీథోవెన్‌ను పెట్టి చూడాలి. జర్మన్ శిల్పి మాక్స్ క్లింగర్ ఏళ్ళ తరబడి శ్రమించి, రంగురంగుల పాలరాళ్ళు, కంచు, దంతం కలిపి చేసిన విగ్రహం 1902లో వియన్నాలో ప్రదర్శనకు వచ్చింది. అందులో బీథోవెన్ సింహాసనం మీద సగం నగ్నంగా కూర్చున్న దేవుడు, ఎదురుగా గద్ద. ఆ విగ్రహం కోసమే చిత్రకారుడు గుస్తావ్ క్లిమ్ట్ గోడల మీద బీథోవెన్ చిత్రమాలిక వేశాడు. పనితనంలో దానికి వంక పెట్టలేం. అయినా దాని ముందు మనం చేయగలిగింది చేతులు జోడించడం ఒక్కటే. క్లింగర్ తన బీథోవెన్‌ను పూర్తిచేశాడు. బూర్దెల్ తన బీథోవెన్‌ను పూర్తి కానివ్వలేదు. బొమ్మ పూర్తి కానంతకాలం విద్య సాగుతూనే ఉంటుంది.

కిరీటమూ, కాపీరైటు గుర్తూ

బాస్కియా బ్రూక్లిన్‌లో పుట్టాడు. తండ్రి హైతీ దేశస్థుడు, తల్లి పోర్టోరికో మూలాలున్న కుటుంబం. ఏడేళ్ళప్పుడు కారు గుద్ది ఆసుపత్రిలో ఉంటే, తల్లి అతని చేతికి 'గ్రేస్ అనాటమీ' అనే శరీరశాస్త్ర గ్రంథం ఇచ్చింది. తరవాత తను పెట్టుకున్న సంగీత బృందానికి గ్రే అనే పేరే పెట్టాడు. అతనికి సంగీతం బయటి వస్తువు కాదు; క్లారినెట్ పట్టుకుని వేదిక ఎక్కిన మనిషి. 1983లో 'బీట్ బాప్' అనే ర్యాప్ రికార్డు తయారీలోనూ, దాని అట్ట మీదా అతని చేయి ఉంది.

పార్కర్ జీవితం అతని బొమ్మల్లో కథలా రాదు, ముక్కలుగా వస్తుంది. 1982 నాటి 'సీపీఆర్‌కేఆర్' సమాధి ఫలకంలా ఉంటుంది. పార్కర్ చనిపోయిన స్టాన్‌హోప్ హోటల్ పేరు, ఏప్రిల్ రెండు అన్న తేదీ, కింద రాజుకు ఇచ్చే బిరుదు: మొదటి చార్లెస్. ఏప్రిల్ 2 అతను చనిపోయిన రోజు కాదు. 1955లో కార్నెగీ హాల్‌లో అతని సంస్మరణ కచేరీ జరిగిన రోజు. ఆ హోటల్ గదిలో పోయేనాటికి పార్కర్ వయసు 34. శరీరం ఎంత చితికిపోయిందంటే, చూసిన వైద్యుడు యాభై దాటిన మనిషి అనుకున్నాడు.

1983 నాటి 'హార్న్ ప్లేయర్స్' మూడు పలకల పెద్ద బొమ్మ. ఎడమ పలకలో శాక్సోఫోన్‌తో పార్కర్, కుడి పలకలో ట్రంపెట్‌తో డిజ్జీ గిలెస్పీ. వాళ్ళ చుట్టూ నల్లటి నేల మీద మాటలు చెల్లాచెదురుగా ఉంటాయి. వాటిలో పార్కర్ స్వరరచన 'ఆర్నిథాలజీ' పేరు మళ్ళీ మళ్ళీ వస్తుంది. పక్షిశాస్త్రం అని ఆ మాటకు అర్థం. పార్కర్ ముద్దుపేరు 'బర్డ్'. ఆ గోల మధ్య రెండు చిన్న మాటలున్నాయి: చాన్, ప్రీ. చాన్ పార్కర్ సహచరి. ప్రీ వాళ్ళ కూతురు. 1954 మార్చిలో, మూడేళ్ళైనా నిండకుండా పోయింది. ఏడాది తిరిగేసరికి తండ్రీ పోయాడు.

ఆ పాప బొమ్మ అందులో లేదు, ఏడుస్తున్న తండ్రి బొమ్మా లేదు. మూడు నాలుగు అక్షరాల పేరు ఒకటి, పాట పేర్ల పక్కన, అదే రాతలో, అదే పరిమాణంలో ఉంది. కచేరీలో వాయించే మనిషి గుండెల్లో ఇంటి దుఃఖం కూడా రాగం పక్కనే ఉంటుందని చెప్పడానికి ఇంతకన్నా పొదుపైన దారి నాకు తెలియదు.

ఇక కిరీటం, కాపీరైటు గుర్తు. ఈ రెండూ బాస్కియా బొమ్మల్లో ఎక్కడపడితే అక్కడ కనబడతాయి. చాలామంది వాటిని అలంకారంగా చూసి వదిలేస్తారు. 'నౌస్ ద టైమ్' ముందు కాపీరైటు గుర్తును అలా వదలకూడదు. ఆ పాటను పార్కర్ 1945 నవంబరు 26న రికార్డు చేశాడు. అందులోని బాణీ మీదే 1949లో 'ద హకల్‌బక్' అనే నాట్య గీతం వచ్చి అమెరికా అంతటా మోగిపోయింది. దాని మీద పార్కర్ పేరు లేదు, డబ్బు అతనికి రాలేదు. ఆ పాట రికార్డైన నలభై ఏళ్ళకు బాస్కియా ఆ రికార్డును మనిషి కంటే ఎత్తున తయారుచేసి, పార్కర్ పేరు రాసి, కాపీరైటు గుర్తు వేశాడు. అది దస్తావేజు. పోయిన ఆస్తిని అసలు హక్కుదారు పేరిట తిరిగి రాసిన దస్తావేజు.

చెవి

ఇద్దరి దారులూ ఒకచోట కలుస్తాయి. ఆ చోటు చెవి.

బీథోవెన్‌కు ముప్ఫై ఏళ్ళు నిండకముందే వినికిడి తగ్గడం మొదలైంది. 1802 అక్టోబరులో హైలిగెన్‌స్టాట్ అనే పల్లెలో కూర్చుని తమ్ముళ్ళకు ఒక ఉత్తరం రాశాడు. చావాలనిపించిన సంగతీ, కళ కోసం ఆగిపోయిన సంగతీ అందులో ఉన్నాయి. ఆ ఉత్తరాన్ని పంపలేదు. చనిపోయాక కాగితాల్లో దొరికింది. 1824 మే 7న తొమ్మిదో సింఫనీ మొదటి ప్రదర్శన ముగిసినప్పుడు జనం చప్పట్లు ఆయనకు వినబడలేదు. కరోలీన్ ఉంగర్ అనే గాయని ఆయన్ని సభ వైపు తిప్పితే, ఊగుతున్న చేతులను కళ్ళతో చూశాడు.

చెవిటితనాన్ని శిల్పంలో ఎలా చూపాలి? చేయి చెవి వెనక పెట్టుకున్న మనిషిని చెక్కవచ్చు. అది నాటకం అవుతుంది. బూర్దెల్ చాలా తలల్లో జుట్టును పెంచి, చెవుల మీదుగా ప్రవాహంలా పారించాడు. కళ్ళను మూసుకున్నట్టో, లోపలికి తిరిగినట్టో ఉంచాడు. బయటి లోకానికి తలుపులన్నీ వేసుకున్న ఇల్లు ఆ తల. లోపల ఏదో జరుగుతోందని నుదుటి మీది ఉబ్బులు చెబుతాయి. వినబడనివాడి లోపల మోగుతున్న శబ్దాన్ని కంచు ఉపరితలం మీద గడ్డలు కట్టించడం ఆయన సాధించిన గొప్ప పని.

బాస్కియా దారి ఇంకోటి. 'హార్న్ ప్లేయర్స్'లో అతను చెవి అనే మాటనే రాశాడు. స్వరపేటిక, పళ్ళు, పాదాలు అనే మాటలు కూడా అక్కడే ఉన్నాయి. చిన్నప్పుడు ఆసుపత్రి మంచం మీద తిరగేసిన శరీరశాస్త్రం ఇక్కడ పని చేసింది. వాద్యం వాయించేది ఏ దివ్యశక్తో అనుకునేవాళ్ళకు అతను అవయవాల పట్టీ ఇస్తాడు: ఊదే గొంతు, నోట పెట్టుకునే వాద్యపు కొన మీద బిగిసే పళ్ళు, తాళం వేసే పాదం, వినే చెవి. నల్లజాతి కళాకారుల ప్రతిభను పుట్టుకతో వచ్చిన వింతగా చూసే లోకానికి అది గట్టి జవాబు. ఇది ఒంటితో చేసిన శ్రమ అని అతను అవయవం అవయవంగా లెక్క అప్పజెప్పాడు.

సంగతి, నెరవల్

జీవితకథ నుంచి పని పద్ధతికి ఎలా చేరారన్నది ఈ పోలికలో అసలు భాగం.

1819 ప్రాంతంలో డియాబెల్లి అనే ప్రచురణకర్త తను కట్టిన చిన్న నాట్య బాణీని యాభై మందికి పైగా స్వరకర్తలకు పంపి, దాని మీద తలా ఒక రూపాంతరం రాయమన్నాడు. బీథోవెన్ ముప్ఫై మూడు రాశాడు. 1823లో అచ్చయిన ఆ కృతి మొదట్లో మామూలు బాణీ. చివరికి వచ్చేసరికి ఎక్కడ మొదలైందో మరిచిపోయేంత దూరం తీసుకుపోతుంది. మన కీర్తనలో సంగతులు వేసే తీరు తెలిసినవాళ్ళకు ఇది కొత్త కాదు. అదే పంక్తి, అదే సాహిత్యం. ఒక్కో సంగతికీ ఒక్కో మెట్టు ఎక్కి, పల్లవి చివరకు వచ్చేసరికి దాని నిండుతనం తెలుస్తుంది. మొదటి సంగతిలోనే అంతా పాడేస్తే మెట్లు ఉండవు.

బూర్దెల్ ఎనభై తలలను ఒక వరసలో ఊహించుకుంటే అవి సంగతులే. తొలి రోజుల్లో జుట్టు, పోలిక, రొమాంటిక్ ఆవేశం ఎక్కువ. 1901 నాటికి పోలిక కరగడం మొదలై, గాయాలూ గుంటలూ పైకి వచ్చాయి. తరవాతి రూపాల్లో తలకు చేతులు, వస్త్రం తోడయ్యాయి, కట్టడం బిగిసింది. తను రోదాఁ నీడ నుంచి బయటపడిన దారిని కూడా ఆయన ఇదే తల మీద పరీక్షించుకున్నాడు. అంటే బీథోవెన్ జీవితం ఆయనకు వస్తువు ఇస్తే, బీథోవెన్ పనితీరు క్రమశిక్షణ ఇచ్చింది. ఒకటి అడిగితే ముప్ఫై మూడు ఇచ్చినవాడి నుంచి నేర్చుకోదగిన పాఠం అదే.

పార్కర్ విద్య వేరు. అతనూ అతని తోటివాళ్ళూ కట్టిన బెబాప్ సంగీతంలో ఒక ముఖ్యమైన కిటుకు ఉంది. అందరికీ తెలిసిన పాట తీసుకుంటారు. దాని స్వరసంపుటుల వరసను అలాగే ఉంచి, పైన బాణీని పూర్తిగా మార్చేస్తారు. 'ఆర్నిథాలజీ' కింద ఉన్నది 'హౌ హై ద మూన్' అనే పాత పాట. 'కోకో' కింద ఉన్నది 'చెరకీ'. ఆ 1945 నవంబరు 26నే, 'కోకో' మొదటి ప్రయత్నంలో పార్కర్ బృందం 'చెరకీ' అసలు బాణీలోకి వెళ్ళగానే రికార్డింగును మధ్యలో ఆపించేశారు. బాణీకి హక్కులుంటాయి, డబ్బు కట్టాలి. కింది స్వరసంపుటులకు అలాంటి హక్కు లేదు. రెండోసారి ఆ బాణీ లేకుండా వాయించారు. జాజ్ చరిత్రలో ఒక శిఖరం అలా పుట్టింది.

బాస్కియా 1982లో వేసిన 'చార్లెస్ ద ఫస్ట్'లో 'చెరకీ' అనే మాట ఉంది. పైకి వినబడకుండా కింద మోస్తున్న పాత పాట పేరును అతను పైకి తెచ్చి రాశాడు. ఇక 1983 నాటి 'డిస్కోగ్రఫీ'లో మరీ ముందుకు పోయాడు. నల్లటి నేల మీద తెల్లటి రాతలో, ఆ 1945 నాటి రికార్డింగులో పాల్గొన్నవాళ్ళ పేర్లు, వాద్యాలు, పాటలు, ప్రయత్నాల వరస, రికార్డు అట్ట మీద ఉన్నట్టే ఎక్కించాడు. బొమ్మ లేదు, కిరీటం లేదు. బడి పలక మీద పాఠం దిద్దుకున్నట్టు ఉంటుంది. తొందరపడి చూస్తే ఇందులో కళ ఏముందనిపిస్తుంది. నిలబడి చదివితే చేతిరాత తూగు, ఒత్తిడి, గీత వంపు మెల్లగా చెవికెక్కుతాయి. ఉన్నదాన్ని కింద అలాగే ఉంచి, పైన తన చేతి నడకను నడిపించడం పార్కర్ విద్య. బాస్కియా ఇక్కడ అదే చేశాడు. నెరవల్‌లో ఒకే సాహిత్య పంక్తిని పట్టుకుని మాట మాటకూ కొత్త తూకం ఇస్తూ తిప్పడం మనకు తెలుసు. బాస్కియా మాటలను మళ్ళీ మళ్ళీ రాయడం, కొట్టేయడం, మళ్ళీ అక్కడే రాయడం ఆ కోవలోది. కొట్టేసిన మాట ఎక్కువ కనబడుతుంది. వాయిస్తూ వాయిస్తూ ఆపిన స్వరం ఎక్కువ వినబడినట్టు.

అద్దం తెచ్చే ప్రమాదం

ఇంతవరకూ మెచ్చుకున్నాను. ఇద్దరి దగ్గరా నాకు నచ్చని చోటు కూడా చెప్పాలి.

బూర్దెల్ బీథోవెన్‌లో తన ముఖం చూసుకున్నాడు. బాస్కియా పార్కర్‌లో తన భవిష్యత్తు చూసుకున్నాడు. అద్దం దగ్గర ఎక్కువసేపు నిలబడితే ఎదుటి మనిషి మాయమవుతాడు. బూర్దెల్ కాలపు ఫ్రాన్స్ బీథోవెన్‌ను బాధల వీరుడిగా కొలిచింది. 1903లో రచయిత రొమాఁ రొలాఁ రాసిన బీథోవెన్ జీవితచరిత్ర ఆ పూజకు పెద్ద గొంతు. ఆ గాలి బూర్దెల్‌కూ సోకింది. మనుషుల కోసం మధువు పిండే బాకస్ దేవుణ్ణి తానేనని బీథోవెన్ అన్నట్టు చెప్పుకునే మాటను ఒక విగ్రహం పీఠం మీద చెక్కాడు. అలాంటి చోట తల బరువు తగ్గి, ప్రకటన బరువు పెరుగుతుంది. చిత్తుపుస్తకాల్లో పేజీలకు పేజీలు కొట్టేసి తిరగరాసుకున్న పనివాడు బీథోవెన్. ఆ పనివాడు అక్కడ కనబడడు.

బాస్కియా విషయంలో ప్రమాదం ఇంకా ఘోరమైనది. 'చార్లెస్ ద ఫస్ట్' అడుగున, చిన్న వయసు రాజుల్లో ఎక్కువమందికి తలలు తెగుతాయన్న భావంతో ఒక వాక్యం ఉంది. ఆ రాజు పార్కర్, ఆ రాజు తను కూడా. 1988 ఆగస్టు 12న, ఇరవై ఏడేళ్ళకే, పార్కర్‌ను పీల్చిన హెరాయినే బాస్కియానూ తీసుకుపోయింది. బూర్దెల్ బీథోవెన్‌ను మొదలుపెట్టిన వయసుకు బాస్కియా ముగిసిపోయాడు. ఆ తరవాత జనం ఆ వాక్యాన్ని జోస్యంగా చదవడం మొదలుపెట్టారు. నేను అలా చదవడానికి ఒప్పుకోను. మత్తులో ఉంటే బాగా వాయిస్తానని చెప్పేవాడు అబద్ధమాడుతున్నాడని పార్కరే ఒక పత్రికతో అన్నాడు. పార్కర్ గొప్పతనం అతని పతనంలో లేదు. కాన్సస్ సిటీలో కుర్రవాడిగా గంటల తరబడి చేసిన సాధనలో ఉంది. బాధ కళను పుట్టిస్తుందన్న నమ్మకం కళాకారులను చంపింది తప్ప కళను పెంచలేదు. బాస్కియా బొమ్మల్లో చావును పాడే వాటికంటే పనిని లెక్కించే బొమ్మలే నిలుస్తాయని నా అభిప్రాయం.

తూకం

ఇద్దరిలో ఎవరు తమ సంగీతకారుణ్ణి బాగా అందుకున్నారు?

కాలాన్ని లెక్కలోకి తీసుకుంటే బూర్దెల్‌ది పైచేయి. నలభై ఏళ్ళు ఒక మనిషితో కాపురం చేసి, ప్రతి దశలోనూ ఆ మనిషి కొత్తగా కనబడేలా చేసుకోవడం మాటలు కాదు. 1901 నాటి విషాద ముఖం లాంటిది ఒక్కసారి చేసిన విగ్రహంగా వచ్చేది కాదు. ముందు వేసిన సంగతులన్నీ దాని కింద ఉన్నాయి. బాస్కియాకు ఆ కాలం దొరకలేదు.

సంగీతకారుడి జీవితాన్ని పూర్తిగా చూడటంలో మాత్రం బాస్కియాదే పైచేయి అంటాను. బూర్దెల్ బీథోవెన్‌కు ఇల్లు లేదు, ప్రచురణకర్తలతో బేరాలు లేవు, డబ్బు లెక్కలు లేవు. నుదురూ తుఫానూ ఉన్నాయి. బాస్కియా పార్కర్‌కు చనిపోయిన కూతురు ఉంది, దొంగిలించిన బాణీ ఉంది, పక్కన వాయించిన స్నేహితుడు ఉన్నాడు, రికార్డింగు తేదీ ఉంది. ఒక సంగీతకారుడు బతకడానికి ఏమేం కావాలో, అతని దగ్గర నుంచి ఏమేం లాక్కుంటారో అతను రాసి పెట్టాడు. జీవితం అంటే దుఃఖం ఒక్కటే కాదని, అందులో జమాఖర్చులూ ఉంటాయని అతనికి తెలుసు.

అందుకే నా బల్ల మీది ఫోటోల్లో నేను ఎక్కువసేపు చూసేది ఆ నల్లటి గుండ్రటి పలకనే. దాని అంచు సరైన వలయం కాదు. చేత్తో కోసిన వంకర అలాగే ఉంది. ముఖం లేకుండానే ఒక మనిషి అక్కడ ఉన్నాడు.

ఇది రాస్తున్నంతసేపూ నాకు మనవాడొకడు గుర్తుకొస్తూనే ఉన్నాడు. ద్వారం వెంకటస్వామి నాయుడు 1893లో పుట్టి, విశాఖపట్నంలో పెరిగి, 1919లో విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ అధ్యాపకుడై, తరవాత దానికే అధ్యక్షుడయ్యాడు. చిన్నప్పటి నుంచే చూపు మందం. బీథోవెన్‌కు వినబడలేదు, శిల్పి ఆ లోపలి శబ్దాన్ని కంటికి చూపించాడు. చూపు మందగించిన మనిషి వేళ్ళు మెట్లు లేని తంత్రి మీద గాంధారం చోటును వెంట్రుకవాసి తేడా లేకుండా ఎలా పట్టుకునేవో మన చిత్రకారులెవరైనా చూపించాల్సి ఉంది. ఆయన రికార్డులు ఉన్నాయి, వినవచ్చు. ఆయన శిష్యపరంపర ఉంది, అడగవచ్చు.

మనం సంగీతకారులకు కూడలిలో విగ్రహం పెట్టి, బంగారు రంగు పూసి, జయంతికి దండ వేసి ఊరుకుంటున్నాం. మట్టి బొమ్మ దగ్గరే ఆగిపోతున్నాం. కుంచె పట్టినవాళ్ళకూ, ఉలి పట్టినవాళ్ళకూ నా మనవి ఒక్కటే: ఒక్క సంగీతకారుణ్ణి ఎంచుకోండి. దండ పక్కన పెట్టి, రికార్డు పెట్టి వినండి. ఎలా సాధన చేశాడో, ఎలా బతికాడో, ఎవరు ఆదుకున్నారో, ఎవరు ముంచారో తెలుసుకోండి. ఒక బొమ్మతో ఆపకండి. ఎనభైవ బొమ్మ దాకా వెళ్ళండి.